మావయ్యగారు సిక్ రాసిన ఎర్ర ఇయర్‌ఫోన్లు

మా ఆయన గూడ్స్ గార్డు ట్రైనింగు కోసం సీనీ అనే ఊరు బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు, ఆయన చొక్కాతో పాటు జేబులో ఉన్న ఇయర్‌ఫోన్లు కూడా ఉతికేశాను. ఉతకడమంటే అలా ఇలా కాదు. నానబెట్టి, సబ్బు రాసి, బండకేసి నాలుగు బాది, గట్టిగా పిండి, తీగ మీద ఆరేశాను. ఆరేశాక చూసుకుంటే జేబులోంచి రెండు నల్లటి గుండ్లు వేలాడుతున్నాయి.

మా ఆయన వాటిని చెవుల్లో పెట్టుకుని చూశారు. ఎడమ చెవిలోంచి నీళ్ళు కారాయి. కుడి చెవిలోంచి చిన్న నురగ బుడగ వచ్చింది.

"పోన్లే బాలా, శుభ్రమైతే అయినాయి కదా" అన్నారు.

చూశారా! ఇంకెవరైనా అయితే కేకలేసేవారు. మా పెళ్ళయి అప్పటికి మూడు నెలలు. ఆ మూడు నెలల్లో నేను ఒక గడియారం, రెండు చెప్పులు, ఒక రేషన్ కార్డు ఉతికాను. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇలాంటి ఈశ్వరప్రసాద్ నలభై అయిదు రోజులు ఇంట్లో లేకుండా పోతారంటే నాకు ఏమీ తోచలేదు. అందుకే ఆయనకి తెలియకుండా ఒక కాసెట్ తయారుచేశాను.

మా పెళ్ళికి అన్నయ్య ఇచ్చిన వాక్‌మన్‌లో రికార్డు చేసే బొత్తాం కూడా ఉంది. మధ్యాహ్నం అత్తగారు గుడికి, మావయ్యగారు యార్డు వైపు షికారుకి వెళ్ళగానే తలుపేసుకునేదాన్ని. ఒక వైపు మా ఇంటి చప్పుళ్ళన్నీ పట్టాను. కుక్కరు కూత, అత్తగారి పూజ గంట, కుళాయికి నీళ్ళు వచ్చేముందు వచ్చే దగ్గు, యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే వరస చప్పుడు. హాస్టల్లో ఇల్లు గుర్తొస్తే వింటారని. ఇది ఎవరు విన్నా ఫరవాలేదు.

రెండోవైపు మాత్రం ఎవరూ వినకూడదు.

రెండోవైపు నేను ఆయన్ని "నా పాకుండా" అన్నాను. బెల్లం పాకంతో చేసి వేయించే ఆ ఉండలాగే మా ఆయన కూడా కొంచెం గుండ్రంగా, బెల్లం రంగులో ఉంటారు. పేరు అతికినట్టు ఉందని ఏడు సార్లు అన్నాను. ఆయన బొజ్జ మీద తల పెట్టుకుంటే లోపల షంటింగు జరుగుతున్నట్టుంటుందన్నాను. ఒక పాట పాడాను, శ్రుతి లేకుండా. మూడు ముద్దులు పెట్టాను, మైకు దగ్గరగా. వీటన్నిటికంటే పెద్ద నేరం ఇంకొకటుంది. ఉత్సాహంలో ఆయన్ని "నువ్వు" అన్నాను. ఒకచోట "ఒరేయ్" అని కూడా అన్నాను. ఎదురుగా ఉంటే "ఏవండీ" తప్ప నోరు రాదు. యంత్రం ముందు మాత్రం బి.ఏ. చదివిన నోరు ఎటు పడితే అటు పోయింది.

సీనీ హాస్టల్లో గదికి ఎనిమిది మంచాలట. కాబట్టి నాకు కావలసింది మంచి ఇయర్‌ఫోన్లు. మంచివంటే, లోపలిది బయటికి చుక్క కూడా కారనివి. ఆ మాట ఎవరికీ చెప్పలేను. చెబితే ఎందుకని అడుగుతారు.

గోల్ బజార్‌లో మంటూ-దా దుకాణానికి సైకిలు మీద వెళ్ళాం. నేను ముందు కడ్డీ మీద, ఆయన వెనక రొప్పుతూ. మంటూ-దా మూడు జతలు తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు. తెల్లవి అన్నిటికంటే చవక. నల్లవాటికి తల మీదుగా ఒక స్టీలు వంపు ఉంది, రెండు గుండ్లనీ అది చెవుల్లోకి నొక్కిపెడుతుంది. ఎర్రవాటికి మెత్తటి స్పాంజి టోపీలు. ధర తెల్లవాటికి నాలుగింతలు.

"ఏది బాగుంటాది దాదా?" అన్నారు మా ఆయన.

"నన్నడుగుతావేటి బాబూ? మీ ఇంట్లో టీఎక్సార్ బాబు ఉండగా!" అన్నాడు మంటూ-దా. బెంగాలీ అయినా ముప్పై ఏళ్ళుగా రైల్వే వాళ్ళకి సరుకులమ్మి మా తెలుగు మాలాగే మాట్లాడతాడు, నన్ను వదినా అనడానికి మాత్రం బౌదీ అంటాడు. "బౌదీ, మూడూ పట్టుకుపో. ఆయన కొట్టి సూసి ఫిట్ అన్నది ఉంచుకోండి. మిగిలినవి ఆదివారం సందేళకి తెచ్చేయండి. ఠీక్ హై?"

మా మావయ్యగారు అనంతరామయ్యగారు టీఎక్సార్‌గా రిటైరయ్యారు. ప్లాట్‌ఫారం మీద రైలు ఆగగానే పొడుగు సుత్తి పట్టుకుని చక్రం చక్రాన్నీ కొట్టుకుంటూ పోయేవారు ఉంటారే, వారే. మోత ఖంగుమంటే చక్రం మంచిది. మొద్దుగా వస్తే ఎక్కడో పగులుంది. పగులున్న పెట్టె మీద సుద్దతో "సిక్" అని రాస్తే దాన్ని విప్పి పక్క లైనులోకి తోసేస్తారు. బాగయ్యాక "ఫిట్" అని రాస్తేనే మళ్ళీ పట్టాలెక్కుతుంది. ముప్పై నాలుగేళ్ళు ఆ పని చేసిన చెవులు కదా, ట్రాఫిక్ అనే మా రైల్వే కాలనీలో మావయ్యగారు కొట్టి చూడకుండా ఎవరూ ఏమీ కొనరు. బిందెలు, కుక్కర్లు, గుమ్మం తలుపులు, పుచ్చకాయలు, అన్నీ మా వరండాకే వస్తాయి.

అయినా ముందు మేమిద్దరం సొంతంగా పరీక్షలు పెట్టుకున్నాం. అవి నా జీవితంలో అత్యంత సంతోషకరమైన పరీక్షలు.

అత్తగారి నాదస్వరం కాసెట్ పెట్టాం. తెల్లవాటిలో వింటే వాయించేవాడు డాల్డా డబ్బాలో కూర్చుని, మూత కూడా వేసుకున్నట్టుంది. నల్లవాటిలో డోలు అదిరిపోయింది గానీ నాదస్వరం పక్క ఊళ్ళో పెళ్ళిది. ఎర్రవాటిలో మాత్రం వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం, ఎవరో వెనక దగ్గడం కూడా వినిపించాయి.

సుఖం ఎంతో చూడ్డానికి ఆయన ఒక్కొక్క జత పెట్టుకుని వేయించిన శనగలు నమిలారు. తెల్లవి మూడో శనగకే రాలిపోయాయి. నల్లవి రాలలేదు గానీ, తీశాక ఆయన చెవులు వడియాల్లా ఎర్రగా వేగిపోయాయి. ఎర్రవి పెట్టుకుని డబ్బా మొత్తం ఖాళీ చేశారు. పరీక్ష అయిపోయిందని చెప్పినా ఇంకా చేస్తానన్నారు.

ఇక మూడోది లీకేజీ. "ఊరికే, సరదాకి" అని చెప్పి ఆయన చెంపకి నా చెవి ఆనించి విన్నాను. తెల్లవి ఊరంతా వినిపించాయి. నల్లవి సగం ఊరు. ఎర్రవి పెట్టినప్పుడు ఏమీ వినబడలేదు, ఎందుకంటే ఆయన పెద్దగా అరిచారు. చెవులు మూసుకుపోయినవాడికి తన గొంతు తనకి తెలియదు కదా.

"బాలా! నీ సెవి ఎంత సల్లగా ఉందే!"

గోడకి అవతల నుంచి వెంటనే పోలమ్మగారి గొంతు వచ్చింది. "సలికాలంలో సెవికి గుడ్డ కట్టుకోకుండా తిరిగితే సల్లగా ఉండదేటి బాబూ!"

మాదీ పోలమ్మగారిదీ ఒకటే గోడ. ఆవిడకి మా ఇంట్లో పప్పు ఉడికిందో లేదో మాకంటే ముందు తెలుస్తుంది. తెలిసింది పది గుమ్మాలకి చెప్పనిదే ఆవిడకి అన్నం సయించదు. నా కాసెట్ ఈవిడ చెవిన పడితే, నేను గుమ్మం దాటిన ప్రతిసారీ ట్రాఫిక్ మొత్తం "ఒరేయ్ పాకుండా" అని పలకరిస్తుంది.

ఆదివారం మా ఆయనకి వెళ్ళేముందు ఆఖరి డ్యూటీ. ఆయన సైకిలు మలుపు తిరగ్గానే మావయ్యగారు వరండాలో పీట వేసుకుని కూర్చున్నారు. ముందు మూడు అట్టపెట్టెలు, పక్కన చెంచా, సుద్దముక్క. పోలమ్మగారు పిలవకుండానే వచ్చి గడప మీద సర్దుకున్నారు.

మావయ్యగారు తెల్లగుండుని చెవి దగ్గర పెట్టుకుని చెంచాతో కొట్టారు. ట్టిక్.

"పలచన" అన్నారు. తరవాత చెవిలో పెట్టుకుని నాదస్వరం విన్నారు. "డొల్ల మోత. సిక్." అట్టపెట్టె మీద సుద్దతో రాశారు.

"నా సెవిలో ఎప్పుడెడతావు అన్నయ్యా?" అన్నారు పోలమ్మగారు.

"ఏటి పెట్టేది?" అత్తగారు సరోజాదేవిగారు లోపలినుంచి బియ్యం చేటతో సహా వచ్చారు. "ఈయన సెవిలోది తీసి ఆవిడ సెవిలో, ఆవిడ సెవిలోది తీసి నా సెవిలో. ఎంగిలి కాదేటి?"

"ఎంగిలి నోటికి గానీ సెవికేటే?"

"గుబిలి ఉండదేటి?"

"నా సెవిలో గుబిలా? ముప్పై నాలుగేళ్ళు..."

"ఆ, ఆ, ముప్పై నాలుగేళ్ళు సక్రాలు కొట్టిన సెవులు. ఇన్నాం. నేను పిలిస్తే మాత్రం ఇనబడదు."

నల్లవాటికి కూడా సిక్ పడింది. "స్ప్రింగు బిగువు. తలకాయి బ్రేకు పట్టేసినట్టుంది" అన్నారు మావయ్యగారు. మూడోదానికి ముందు కాఫీ కావాలన్నారు.

నాకు కావలసిన సందు అదే. ఎర్రవాటి లీకేజీ ఆ రోజు తేలనేలేదు. తేలినా, నాదస్వరం లీకు కాకపోతే సరా? ఆడదాని గుసగుస, ముద్దు చప్పుడు వేరే రకం కదా! వాటితో పరీక్ష జరగనేలేదు. వాక్‌మన్, ఎర్ర జత కొంగులో దాచుకుని వంటింట్లోకి వెళ్ళాను. కాఫీకి నీళ్ళు పొయ్యి మీద పడేసి, నా కాసెట్ రెండోవైపు పెట్టాను. ఇప్పుడు ఎవరో ఒకరు తొడుక్కోవాలి, నేను పక్కన నిలబడి వినాలి. వంటింట్లో ఎవరున్నారు? మూలన గుమ్మడికాయ ఉంది. దాని తలకి తువ్వాలు చుట్టి, తువ్వాలు కిందికి రెండు గుండ్లూ దూర్చి, మీట నొక్కి, నా చెవి గుమ్మడికాయ చెంపకి ఆనించాను.

చీమ చిటుక్కుమనలేదు. ఆనందంతో గుమ్మడికాయని ముద్దు పెట్టుకోబోయాను.

"ఏటే ఇది?"

అత్తగారు. గుమ్మంలో నిలబడి గుమ్మడికాయనీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు.

"గుమ్మడికాయకి పాటలేటే బాలా? వాడు రేపెల్తాడనగా ఇయ్యాలే మతి పోయిందేటి?"

నేను జవాబు వెతుక్కునేలోగా ఆవిడ గుండ్లు పీకి, మీట ఆపి, వాక్‌మన్ పట్టుకుపోయారు. "ఇదిగోండి, మూడోది. తొరగా తేల్చండి. కోడలు కూరగాయలకి కచేరీ ఎడతంది."

నేను పరిగెత్తేసరికి ఆలస్యమైంది. మావయ్యగారు ఎర్రవి పెట్టుకుని, మీట నొక్కేశారు. నాదస్వరం కాసెట్ వంటింటి గూట్లో నన్ను చూసి నవ్వుతోంది.

మావయ్యగారి ముఖం మొదట పరీక్షాధికారి ముఖంలాగే ఉంది. రెండు క్షణాల్లో కనుబొమలు పైకి లేచాయి. ఆ తరవాత కిందికి దిగలేదు. చెవి తమ్మెలు రెండూ ఇయర్‌ఫోన్ల రంగులోకి వచ్చాయి. వాక్‌మన్‌లో ఆయనకి తెలిసిన మీట ఒక్కటే, మొదలుపెట్టేది. ఆపేది తెలియదు. గుండ్లు తీసేద్దామని చెయ్యెత్తారు.

"అయిందా? ఇలా తే" అంటూ పోలమ్మగారు చెయ్యి చాచారు.

మావయ్యగారు ఎత్తిన చేత్తోనే గుండుని ఇంకా లోపలికి నొక్కుకున్నారు. రెండో చెయ్యి కూడా తీసుకొచ్చి రెండో చెవి మూసుకున్నారు. అలాగే కూర్చుండిపోయారు, చెవుల్లో ఎవరో సీసం పోసినట్టు.

నేను తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను. వెళ్ళి ఆపు మీట నొక్కాలని తెలుసు. కాళ్ళకి తెలియనట్టుంది. లోపల లెక్క మాత్రం తప్పకుండా నడుస్తోంది. ఇప్పుడు బొజ్జలో షంటింగు. ఇప్పుడు పాట. ఇప్పుడు "ఒరేయ్". అయ్యో, ఇప్పుడు ముద్దులు. ఒకటి. రెండు. మావయ్యగారు మూడోదానికి కళ్ళు మూసుకున్నారు.

"ఏటీ ఇనబడ్డం లేదేటి!" పోలమ్మగారు ఓపిక పట్టలేక ఆయన చెవి పక్కకి తన చెవి తెచ్చారు. ఆవిడ జానెడు దూరంలో తల వంచి, ఊపిరి బిగబట్టి విన్నారు. "అబ్బే. ఒక్క ముక్క బైటికి రాదు!"

గోడ అవతలి పప్పు ఉడుకు వినే పోలమ్మగారి చెవికి వినబడలేదు! భయంతో చచ్చిపోతూనే లోపల ఒక మూల గంతులేశాను. ఇంతకంటే గట్టి పరీక్ష ఎవరు పెట్టగలరు?

మావయ్యగారు కళ్ళు తెరిచారు. నా వైపు ఒక్కసారి చూశారు. గుండ్లు తీసి, గుప్పిట్లో బిగించి, గొంతు సవరించుకున్నారు.

"శబ్దం లేదు" అన్నారు. "సిక్."

"శబ్దం లేదేటి? ఇంతసేపు ఏటి ఇన్నావు మరి?" అన్నారు పోలమ్మగారు.

"వస్తాదేమో అని సూసినాను."

"ఏడు నిమిషాలా!"

"ఎర్రవాటికి టైం ఇవ్వాలి" అన్నారు మావయ్యగారు. సుద్ద తీసుకుని అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో సిక్ రాశారు. సిక్ రాసిన వస్తువుని ట్రాఫిక్‌లో ఎవరూ ముట్టుకోరు. పోలమ్మగారు మోకాళ్ళ మీద చేతులానించి లేచి, "ఖరీదు సరుకే పాడు సరుకు" అనుకుంటూ వెళ్ళిపోయారు. నేను ఒక్క ఉరుకున వచ్చి వాక్‌మన్ ఎర్ర జతతో సహా లాక్కుని ఆపేశాను. మావయ్యగారు చుట్ట కోసం జేబులన్నీ వెతుక్కున్నారు. ఆయన చుట్ట మానేసి ఆరేళ్ళయింది.

ఆ పూట నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. గుమ్మడికాయ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. నన్ను ఎంత బుద్ధిమంతురాలనుకున్నారో ఆయన! కొడుకుని "ఒరేయ్" అన్న కోడలికి ఏ లైను చూపిస్తారు? మధ్యలో ఒక అనుమానం కూడా వచ్చింది. నిజంగానే శబ్దం రాలేదేమో? చెవిలో పెట్టుకుని చూశాను. "నా పాకుండా" అని నా గొంతు వెన్నలా దిగింది. ఏ లోపమూ లేదు.

సాయంత్రం మావయ్యగారు గోల్ బజార్ వెళ్ళి వచ్చారు. వంటింటి గుమ్మం దగ్గర ఆగి, కిటికీ వైపు చూస్తూ, ఎర్ర జత అట్టపెట్టె గూట్లో పెట్టారు. దాని మీద సిక్ తుడిచేసి ఉంది. పక్కన సుద్దతో "ఫిట్" అని ఉంది. కింద తారీకు, పొడి సంతకం, వ్యాగన్ మీద వేసినట్టే.

"మిగిలినయ్యి మంటూకి ఇచ్చేసినానమ్మా" అన్నారు కిటికీతో. "ఇదే ఉంచండి. సౌండు బాగుంది. సెవికి మెత్తగా ఉంది. రేటు ఎక్కువే గానీ దండగ కాదు. బైటికి..." గుమ్మం చెక్కని వేలితో కొట్టి చూశారు. "బైటికి సుక్క రాదు. అది మరి ముఖ్యం కదా."

"మావయ్యగారూ, నేను..."

"నాకేటీ ఇనబడలేదమ్మా. సిక్ రాసినాను కదా." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "సర్వీసంతా కలిపి తప్పుడు సిక్ రాసింది ఈ ఒక్కపాలే. ఎవళికీ సెప్పకు. పింఛను పోతాది."

సోమవారం పొద్దున్న అందరం స్టేషన్‌కి వెళ్ళాం. మా ఊరి ప్లాట్‌ఫారం పొడుగుకి పేరుపడ్డది కదా, ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేసరికి మా ఆయన పెట్టె మోసి సగం కరిగారు. కిటికీ పక్క సీటు దొరికింది. వాక్‌మన్, ఎర్ర ఇయర్‌ఫోన్లు, కాసెట్ ఆయన చేతిలో పెట్టి, "ఝార్‌గ్రామ్ స్టేషన్ దాటాక రెండోవైపు వినండి. ముందు వినకండి" అన్నాను.

"ఏటుంది అందులో?"

"పూజ గంట" అన్నాను. మావయ్యగారు అలవాటు కొద్దీ గొడుగు కర్రతో రైలుపెట్టె చక్రాన్ని కొట్టి చూశారు. ఖంగుమంది.

కూత వేసింది. రైలు కదిలింది. అత్తగారు పచ్చడి సీసా మూత బిగించి పెట్టుకోమని మూడోసారి చెప్పారు. నేను చెయ్యి ఊపుతూ ఏడుపూ నవ్వూ కలిపి మింగుతున్నాను. సరిగ్గా అప్పుడు మావయ్యగారు రెండడుగులు రైలుతో పాటు నడిచి, ముఖంలో ఏ భావమూ లేకుండా అన్నారు.

"జాగర్తరా, పాకుండా!"

మా ఆయన తెల్లబోయారు. తండ్రిని చూశారు, తన బొజ్జని చూసుకున్నారు, చొక్కా కిందికి లాక్కున్నారు. పెట్టె ప్లాట్‌ఫారం దాటిపోయింది.

"కన్నకొడుకుని పాకుండ అంటారేటండీ?" అన్నారు అత్తగారు.

"ఏమో మరి, నోటికొచ్చింది."

అత్తగారు ఆయన్ని కాసేపు పరిశీలనగా చూసి ఒక నిర్ణయానికి వచ్చారు. "తినాలనుంటే తినాలనుందని సెప్పొచ్చు కదా. ఊరెల్లినోడి మీద ఎట్టి సెప్పడం దేనికి?" ఇంటికి రాగానే బియ్యం నానబోశారు. మర్నాడు పళ్ళెం నిండా పాకుండలు వేయించారు. నేనూ మావయ్యగారూ ఎదురెదురుగా కూర్చుని, తలెత్తకుండా, చెరి ఆరు తిన్నాం. అత్తగారు ఏడోది వేయబోతే ఇద్దరం ఒకేసారి వద్దన్నాం.

గురువారం నాడు టాటా, సీనీ వైపు నుంచి వచ్చిన ఒక గార్డు మా గుమ్మంలో ఆగి, మడత పెట్టిన చీటీ ఇచ్చి వెళ్ళాడు. మా ఆయన దస్తూరీ. వంటింట్లోకి తీసుకెళ్ళి, తలుపేసుకుని, గుమ్మడికాయ పక్కన కూర్చుని విప్పాను.

"బాలా, ఎర్రవి బ్రహ్మాండంగా ఉన్నాయి. రెండోవైపు ఇప్పటికి పదకొండు సార్లు విన్నాను. పక్క మంచం అతను నా చెవి దగ్గర చెవి పెట్టి చూశాడు, ఏమీ వినబడలేదట. ఒరేయ్ అన్నచోట మాత్రం తిప్పి తిప్పి వింటున్నాను. ఇంటికొచ్చాక కూడా అలాగే పిలువు. అంతా బాగానే ఉంది. ఒక్కటే అర్థం కావడం లేదు. నాన్నకి ఎలా తెలిసింది?"